గుంపులో గోవింద: పప్పీ లినక్స్‌లో టోర్ బ్రౌజర్

పాత ల్యాప్‌టాప్‌కు పప్పీ లినక్స్ అనే తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, నెట్‌లో తిరిగేది ఎవరో తెలియకుండా దాచే టోర్ బ్రౌజర్ దించుకుని, విప్పి దాని మీద నొక్కితే చాలాసార్లు ఏమీ జరగదు. కిటికీ తెరుచుకోదు. ఫలానా పొరపాటు జరిగిందన్న కబురూ రాదు. అదే పని, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ నుంచి చేసి చూస్తే గుట్టు ఒక్క ముక్కలో బయటపడుతుంది. టోర్ బ్రౌజర్‌ను రూట్‌గా, అంటే సిస్టమ్ మీద సర్వాధికారాలున్న యూజర్‌గా, నడపకూడదని చెప్పి ప్రోగ్రామ్ తనంతట తానే ఆగిపోతుంది.

మిగతా లినక్స్ రకాలు వాడేవాళ్లకు ఈ మాట దాదాపుగా ఎదురు కాదు. ఉబుంటులోనో డెబియన్‌లోనో మామూలు యూజర్‌గా లాగిన్ అవుతారు. సిస్టమ్‌ను మార్చాల్సిన పనికి మాత్రం పాస్‌వర్డ్ కొట్టి కాసేపు రూట్ అధికారం అరువు తెచ్చుకుంటారు. పప్పీ దారి వేరు. ఆస్ట్రేలియాకు చెందిన బారీ కాలర్ 2003లో దీన్ని మొదలుపెట్టింది అటకెక్కిన కంప్యూటర్లను మళ్లీ పరుగెత్తించడానికి. మొత్తం సిస్టమ్ కొన్ని వందల ఎంబీల్లో సర్దుకుంటుంది. పెన్‌డ్రైవ్ నుంచి లేచి ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది, ఆ తర్వాత డిస్కుతో పెద్దగా పని పెట్టుకోదు. వాడేది ఒక్కరే కదా, ఇంటాయన తన ఇంట్లోకి రావడానికి తలుపు తట్టడం దేనికి అన్నది దాని వాదం. అందుకే లాగిన్ అడగదు. తెర వెలిగేసరికే కూర్చున్న మనిషి రూట్ అయి ఉంటాడు.

టోర్ బ్రౌజర్‌ను లేపేది ఒక షెల్ స్క్రిప్టు, అంటే ఎవరైనా తెరిచి చదవగల మామూలు అక్షరాల ఫైలు. నడుపుతున్న యూజర్ సంఖ్య సున్నా అయితే ఆగిపొమ్మనే కొద్దిపాటి లైన్లు అందులో ఉంటాయి. లినక్స్‌లో సున్నా అంటే రూట్. ఆ లైన్లు చెరిపేస్తే బ్రౌజర్ చక్కగా తెరుచుకుంటుంది. పప్పీ వాడేవాళ్లలో చాలామందికి ముందుగా తట్టే ఉపాయం ఇదే. అరనిమిషం పని, పైగా చేసినవాడికి తాళం విప్పినంత సంబరం.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. తేలికపాటి లినక్స్ సంస్కృతి అంతా విప్పి చూడడం, అక్కర్లేనిది కత్తిరించడం, తన యంత్రం కొలతలకు కుట్టుకోవడం మీద నిలబడింది. టోర్ బ్రౌజర్ నిలబడింది దానికి సరిగ్గా ఎదుటి గట్టున. ఎవరూ దాన్ని కదపకుండా, అందరూ ఒకే రూపంలో వాడితేనే అది తన పని చేయగలదు. పప్పీలో టోర్ బ్రౌజర్ పెట్టుకోవడంలో వచ్చే ఇబ్బందుల్లో సాంకేతికత పాలు తక్కువ, ఈ రెండు స్వభావాల తగవు పాలు ఎక్కువ.

టోర్ పుట్టుకలోనే ఈ సంగతి ఉంది. 1990ల నడుమ అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పాల్ సైవర్సన్, మైకేల్ రీడ్, డేవిడ్ గోల్డ్‌ష్లాగ్ ఉల్లిపొరల పద్ధతిని రూపొందించారు. పంపే సమాచారాన్ని ఒకదాని మీద ఒకటిగా మూడు పొరల గుప్తలిపిలో చుట్టి, అందుకున్నదాన్ని ముందుకు పంపే మూడు కంప్యూటర్ల, అంటే రిలేల, గుండా పంపడం నేటి టోర్ నమూనా. మొదటి రిలేకు పంపినవారి చిరునామా తెలుసు, వెళ్లే చోటు తెలియదు. చివరి రిలేకు వెళ్లే చోటు తెలుసు, పంపినవారు తెలియదు. నడిమిదానికి ఈ రెండూ తెలియవు, అటూ ఇటూ ఉన్న రిలేలు తప్ప. రోజర్ డింగిల్‌డైన్, నిక్ మాథ్యూసన్, సైవర్సన్ కలిసి 2002లో టోర్‌ను నడకలో పెట్టారు, దాని కోడ్‌ను అందరికీ వదిలేశారు. నౌకాదళం సొమ్ముతో పుట్టిన పనిముట్టును లోకానికి పంచడం వింతగా కనబడుతుంది కానీ, కారణం సూటిగానే ఉంది. ఆ దారిలో నౌకాదళం వాళ్లు మాత్రమే తిరిగితే, ఆ దారిలో కనబడిన ప్రతివాడూ నౌకాదళం వాడేనని చూసేవాళ్లకు తెలిసిపోతుంది. విలేకరి, విద్యార్థి, గృహిణి, గూఢచారి అంతా కలిసి నడిస్తేనే ఎవరు ఎవరో తెలియదు. గుంపులో గోవింద అన్నమాటను తెలుగువాళ్లు తప్పించుకు తిరిగేవాడి మీద ఎత్తిపొడుపుగా వాడతారు. ఇక్కడ మాత్రం అది ఇంజినీరింగ్ సూత్రం.

ఇక రూట్ సంగతి. బ్రౌజర్ అంటే ముక్కూ మొహం తెలియని వాళ్లు పంపే కోడ్‌ను రోజంతా నడిపే యంత్రం. అందులో లోపాలు దొరుకుతూనే ఉంటాయి. టోర్ బ్రౌజర్‌కు పునాది ఫైర్‌ఫాక్స్ దీర్ఘకాల మద్దతు వెర్షన్ కాబట్టి ఫైర్‌ఫాక్స్ లోపాలన్నీ దానికీ వారసత్వంగా వస్తాయి. 2013లో అమెరికా ఎఫ్‌బీఐ ఫ్రీడమ్ హోస్టింగ్ అనే రహస్య సర్వర్ల సంస్థను పట్టుకున్నప్పుడు అలాంటి లోపాన్నే వాడుకుంది. ఆ సర్వర్లలోని పేజీలు తెరిచిన టోర్ బ్రౌజర్ల నుంచి కంప్యూటర్ పేరు, నెట్‌వర్క్ కార్డు మీది మ్యాక్ చిరునామా నేరుగా బయటి సర్వర్‌కు చేరేలా చేసింది. ఆ దెబ్బ విండోస్ వాళ్లకే తగిలింది. లినక్స్ వాళ్లు మీసం మెలేసుకోవడానికి వీల్లేకుండా 2017లో టోర్‌మాయిల్ అనే లోపం బయటపడింది. స్థానిక ఫైళ్ల చిరునామాలను బ్రౌజర్ అందుకునే తీరులోని పొరపాటు వల్ల, తగినట్టు తయారుచేసిన లంకెను నొక్కితే ఆపరేటింగ్ సిస్టమే టోర్‌ను పక్కకు నెట్టి అవతలి సర్వర్‌తో నేరుగా మాట్లాడేది. నెట్‌లో కంప్యూటర్‌ను గుర్తుపట్టే అసలు ఐపీ చిరునామా అక్కడ బయటపడిపోయేది. అది లినక్స్‌కు, మ్యాక్‌కు వచ్చిన చిక్కు, విండోస్‌కు రాలేదు.

ఇలాంటి లోపం ద్వారా లోపలికి వచ్చిన కోడ్‌కు బ్రౌజర్ నడుపుతున్న యూజర్‌కు ఉన్నంత అధికారమే దక్కుతుంది. యూజర్ అధికారం చిన్నదైతే నష్టం అతని ఫోల్డర్ దాకా. యూజర్ రూట్ అయితే ఆ కోడ్ ఫైర్‌వాల్ తీసేయగలదు, డిస్కులోని విండోస్ విభాగాన్ని తెరిచి ఫొటోలు చూడగలదు, వచ్చేసారి సిస్టమ్ లేచినప్పుడు తానూ లేచేలా ఏర్పాటు చేసుకోగలదు. ఆ లైన్లు చెరిపేయడమంటే తాళం విప్పడం కాదు, గోడ కూల్చడం.

పప్పీ పెద్దలకు ఈ సంగతి తెలియక కాదు. స్పాట్ అనే పేరుతో ఒక చిన్న యూజర్‌ను వాళ్లు ఎప్పుడో పెట్టి ఉంచారు. కుక్కపిల్లకు పెట్టినట్టే ఉంది పేరు. సిస్టమంతా రూట్‌గా నడుస్తున్నా, ఇంటర్నెట్‌తో మాట్లాడే ప్రోగ్రాములను మాత్రం స్పాట్ చేతికి అప్పగించవచ్చు. రన్-యాజ్-స్పాట్ అనే ఆదేశం ముందు తగిలించి ప్రోగ్రామ్ పేరు రాస్తే చాలు. ఏయే ప్రోగ్రాములు స్పాట్ కింద నడవాలో టిక్కు పెట్టి చెప్పే లాగిన్, సెక్యూరిటీ మేనేజర్ కూడా ఇటీవలి పప్పీల్లో ఉంది. స్పాట్‌కు సొంత ఇల్లు ఉంటుంది. పాత పప్పీల్లో అది రూట్ ఫోల్డర్ లోపల ఉండేది, కొత్తవాటిలో హోమ్ ఫోల్డర్ కింద ఉంటుంది. దించుకున్న ఫైళ్లు అక్కడి డౌన్‌లోడ్స్‌లోనే పడతాయి. దించిన ఫైలు మాయమైందని గోల పెట్టేవాళ్లు సాధారణంగా వేరే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో వెతుకుతూ ఉంటారు.

కాబట్టి సరైన క్రమం ఇలా ఉంటుంది. దించిన మూటను స్పాట్ ఇంట్లోకి చేర్చి అక్కడే విప్పాలి. రూట్‌గా విప్పితే ఫైళ్ల మీద యాజమాన్యం రూట్‌దే అవుతుంది కనుక, చౌన్ ఆదేశంతో ఫోల్డర్‌ను, దానిలోని సమస్తాన్నీ స్పాట్ పేరు మీదికి మార్చాలి. ఆ తర్వాత టెర్మినల్‌లో ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి, మొదలుపెట్టే స్క్రిప్టును రన్-యాజ్-స్పాట్‌తో పిలవాలి. యాజమాన్యం మార్చే మెట్టును చాలామంది దాటేస్తారు, ఎందుకంటే దాటేసినా ఒక్కోసారి బ్రౌజర్ లేస్తుంది. లేచినట్టే లేచి తన సెట్టింగులు రాసుకోలేక పడిపోతుంది, లేదా నడుస్తూనే ఉండి అప్‌డేట్ వచ్చినప్పుడు తనను తాను మార్చుకోలేక చతికిలబడుతుంది. రెండోదే ఎక్కువ హాని. టోర్ బ్రౌజర్ తన అప్‌డేట్‌లను తానే తెచ్చుకుని తన ఫోల్డర్‌లోనే వేసుకుంటుంది. ఆ ఫోల్డర్‌లో రాసే హక్కు లేకపోతే నెలల నాటి లోపాలతో అలాగే తిరుగుతుంది. బయటికి మాత్రం అంతా బాగున్నట్టే ఉంటుంది.

ఇదే కారణంతో, ఎవరో పుణ్యాత్ములు పప్పీ కోసం తయారుచేసి పెట్టిన పెట్ ప్యాకేజీలను, ఎస్ఎఫ్ఎస్ మూటలను ఈ ఒక్క ప్రోగ్రామ్ విషయంలో దూరం పెట్టడం మేలు. ఎస్ఎఫ్ఎస్ అంటే చదవడానికే తప్ప రాయడానికి వీల్లేని కుదింపు ఫైలు. ఆఫీస్ ప్యాకేజీకి, బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌కు అది దివ్యంగా సరిపోతుంది. తనను తాను దిద్దుకోవాల్సిన బ్రౌజర్‌కు అది గాజు పెట్టె. పైగా ఆ మూట కట్టినవాళ్లు లోపల ఏ లైన్లు చెరిపారో, ఏవి కలిపారో తెలుసుకునే దారి వాడేవాడికి ఉండదు. కట్టినవాళ్ల మంచితనం మీద అనుమానం అక్కర్లేదు. అజ్ఞాతం కోరి వాడే పనిముట్టును ఒక అజ్ఞాత వ్యక్తి చేతి నుంచి తీసుకోవడంలోనే తిరకాసు ఉంది.

అసలు మూటను టోర్ ప్రాజెక్టు సైటు నుంచే తెచ్చుకోవాలి, తెచ్చుకున్నాక దాని సంతకం చూసుకోవాలి. ప్రతి మూట పక్కనా చిన్న సంతకం ఫైలు ఒకటి దొరుకుతుంది. సంతకాలు పరీక్షించే జీపీజీ ప్రోగ్రామ్‌తో ముందు టోర్ బ్రౌజర్ తయారీదారుల బహిరంగ తాళంచెవిని తెచ్చి, దాని వేలిముద్రను, అంటే ఆ తాళంచెవిని గుర్తించే పొట్టి సంకేతాన్ని, సైటులో ప్రచురించిన దానితో పోల్చుకుని, తర్వాత సంతకాన్ని పరీక్షించమని అడగాలి. ఇక్కడ కొత్తవాళ్లను హడలగొట్టే సన్నివేశం ఒకటి ఉంటుంది. సంతకం మంచిదేనని చెప్పిన మరుక్షణమే, ఈ తాళంచెవి నమ్మదగినదని ఎవరూ ధ్రువీకరించలేదని జీపీజీ హెచ్చరిస్తుంది. ఆ తాళంచెవిని ఈ కంప్యూటర్ యజమాని స్వయంగా నమ్మినట్టు నమోదు చేయలేదన్నదే దాని అర్థం. వేలిముద్ర సరిపోతే కంగారు పడాల్సింది లేదు. సంతకం చెడ్డదని వస్తే మాత్రం ఆ ఫైలును విప్పకుండానే తీసేయాలి. సైటే తెరుచుకోని చోట్ల ఈమెయిల్ పంపితే దించుకునే లంకెలు తిరిగి పంపే గెట్‌టోర్ అనే ఏర్పాటు ఉంది.

ఎక్కడ పెట్టుకోవాలన్నది పప్పీలో చిన్న ప్రశ్న కాదు. మూట వంద ఎంబీ దాటుతుంది, విప్పితే రెండు మూడింతలు అవుతుంది. పప్పీలో చేసిన మార్పులన్నీ సేవ్‌ఫైల్ అనే ఒక్క ఫైలులో దాచుకుంటారు. చాలామంది మొదట్లో దాన్ని పిసినారిగా కొలిచి చిన్నదిగా కడతారు. టోర్ బ్రౌజర్ వచ్చి కూర్చుంటే అది కాస్తా నిండిపోతుంది. బ్రౌజర్ ఫోల్డర్‌ను సేవ్‌ఫైల్ బయట, డిస్కు మీద పెట్టుకోవడం తెలివైన పని, ఎందుకంటే దానికి కావలసినవన్నీ దాని ఫోల్డర్‌లోనే ఉంటాయి, ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. అయితే ఆ విభాగం లినక్స్ పద్ధతిలో ఫార్మాట్ చేసినదై ఉండాలి. కొన్న పెన్‌డ్రైవ్‌లు మామూలుగా ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి. ఏ ఫైలు ఎవరిదన్న లినక్స్ లెక్క ఫ్యాట్‌కు తెలియదు, కనుక స్పాట్ పేరు మీదికి మార్చిన యాజమాన్యం అక్కడ నిలవదు.

అంతా సరిగానే చేసినా టోర్ నెట్‌వర్క్‌లో చేరడం దగ్గర సగంలో ఆగిపోతోందంటే, ముందు చూడాల్సింది గడియారం. పాత ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు మీద నాణెం బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. ప్రతిసారీ అది ఏ 2009 జనవరిలోనో నిద్ర లేస్తుంది. టోర్ తన రిలేల జాబితాను, రిలేల లెక్క చూసే డైరెక్టరీ అథారిటీలనే సర్వర్లు గంటకోసారి ఆమోదించే పత్రం నుంచి తెచ్చుకుంటుంది, ఆ పత్రానికి కాలపరిమితి ఉంటుంది. కంప్యూటర్ దృష్టిలో ఆ పత్రం భవిష్యత్తు నుంచి ఊడిపడినదైతే టోర్ దాన్ని నమ్మదు. నెట్ కనెక్షన్‌ను, రూటర్‌ను, టెలికాం కంపెనీని తిట్టుకున్నాక చివరికి తేదీ సరిచేస్తే పని అయిపోయిన సందర్భాలు కోకొల్లలు. బ్యాటరీ ఖరీదు ఒకపూట టిఫిన్ అంత కూడా ఉండదు.

పప్పీ కాకుండా వేరే తేలికపాటి లినక్స్ అయితే కథ చాలా చిన్నది. లుబుంటు, లినక్స్ లైట్, ఎంఎక్స్, యాంటీఎక్స్ అన్నీ మామూలు యూజర్‌తోనే నడుస్తాయి కనుక రూట్ గొడవ లేదు. మూట విప్పి నొక్కితే చాలు. డెబియన్ కుటుంబంలో టోర్ బ్రౌజర్ లాంచర్ అనే ప్యాకేజీ దించడం, సంతకం చూడడం కూడా తానే చేసిపెడుతుంది, పాతబడితే మాత్రం ఆ రెండిట్లోనే తడబడుతుంది. ఆల్పైన్ అనే లినక్స్ వైపు మాత్రం వెళ్లకపోవడమే మంచిది. టోర్ బ్రౌజర్‌ను ప్రోగ్రాములకు పునాదిగా ఉండే గ్నూ సీ లైబ్రరీ మీద నిర్మిస్తారు, ఆల్పైన్‌లో ఉన్నది మసల్ లైబ్రరీ, రెంటికీ పొసగదు.

ఏ లినక్స్ అయినా తప్పించుకోలేనిది ర్యామ్ లెక్క. సిస్టమ్‌ను ఎంత చెక్కినా, దాని మీద నడిచేది ఫైర్‌ఫాక్సే. సైకిల్ మీద బీరువా ఎక్కించినట్టు ఉంటుంది వ్యవహారం. పైగా టోర్ బ్రౌజర్ చూసిన పేజీల జాడ డిస్కు మీద పడకుండా, వాటి నకళ్లు దాచే క్యాష్‌ను సైతం ర్యామ్‌లోనే ఉంచుకుంటుంది. 2 జీబీ ఉన్న యంత్రంలో నాలుగైదు ట్యాబులు తెరిస్తే ఊపిరి ఆడదు. అప్పుడు సిస్టమ్ స్వాప్ వైపు, అంటే ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు వైపు, చూస్తుంది. డిస్కులో స్వాప్ విభాగం కనబడితే పప్పీ దాన్ని వాడుకుంటుంది, అంటే డిస్కు మీద పడకూడదని బ్రౌజర్ దాచుకున్నదే వెనక గుమ్మం గుండా డిస్కు మీదికి వెళ్లే వీలుంది. డిస్కులో ఆనవాళ్లు మిగలకూడదన్న పట్టుదల ఉన్నవాళ్లు స్వాప్ ఆపేసి, ట్యాబులు తగ్గించుకోవాల్సిందే.

మరీ పాత యంత్రాలకు తలుపులు మూసుకుపోతున్నాయి. 1024 బై 600 తెరతో, ఆటమ్ ఎన్270 ప్రాసెసర్‌తో ఒకప్పుడు ఊరంతా అమ్ముడైన నెట్‌బుక్‌లు 32 బిట్ యంత్రాలు. 32 బిట్ లినక్స్‌కు ఫైర్‌ఫాక్స్ తయారీని 144వ వెర్షన్‌తో ముగిస్తామని మొజిల్లా 2025లో ప్రకటించింది. పునాది ఆగిపోయాక పైఅంతస్తు ఎంతోకాలం నిలవదు. అలాంటి యంత్రంలో పాత వెర్షన్ టోర్ బ్రౌజర్‌ను ఏళ్ల తరబడి నడపడం కన్నా అజ్ఞాతం ఆశ వదులుకోవడం నిజాయితీ. అజ్ఞాతానికే పుట్టిన టెయిల్స్ అనే లినక్స్ ఉండగా ఈ తంటాలన్నీ ఎందుకంటే, దానికి 64 బిట్ ప్రాసెసర్ కావాలి; 2025లో వచ్చిన 7.0 నుంచి 3 జీబీ ర్యామ్ అడుగుతోంది. దాన్ని మోయగలిగిన యంత్రం ఉంటే పప్పీ ఊసే అక్కర్లేదు. టెయిల్స్‌లో, వైఫై లాగిన్ పేజీల కోసం విడిగా పెట్టిన అన్‌సేఫ్ బ్రౌజర్ తప్ప, ఏ ప్రోగ్రామ్ కూడా టోర్‌ను దాటి బయటికి పోలేదు. పప్పీలో టోర్ బ్రౌజర్ కిటికీ ఒక్కటే టోర్ గుండా వెళ్తుంది. పక్కన తెరిచిన వేరే బ్రౌజర్, చాట్ ప్రోగ్రామ్, ప్యాకేజీ మేనేజర్ అన్నీ అసలు చిరునామాతోనే తిరుగుతుంటాయి. రెండూ ర్యామ్‌లో నడుస్తాయి కనుక రెండూ ఒకటే అనుకోవడం పప్పీ వాడేవాళ్లు తరచు పడే పొరపాటు.

బరువు భరించలేక పడే అడ్డదారి మరొకటి ఉంది. టోర్ ప్రోగ్రామ్‌ను మాత్రం విడిగా పెట్టుకుంటే అది 9050 నంబరు పోర్టులో కూర్చుని సాక్స్ ప్రాక్సీగా, అంటే వేరే ప్రోగ్రాముల రాకపోకలను టోర్‌లోకి మళ్లించే మధ్యవర్తిగా, పనిచేస్తుంది. పేల్ మూన్ లాంటి తేలికపాటి బ్రౌజర్‌కు ఆ ప్రాక్సీ తగిలిస్తే పేజీలు టోర్ గుండానే వస్తాయి, యంత్రమూ హాయిగా నడుస్తుంది. ఐపీ చూపించే సైటు తెరిస్తే వేరే దేశం కనబడుతుంది. ఇల్లు అలికినట్టయింది, పండగ మాత్రం కాలేదు. మొదటిది, ప్రాక్సీ అమరిక తీరునుబట్టి సైటు పేరును ఐపీగా మార్చే డీఎన్ఎస్ ప్రశ్న టోర్ బయట నుంచే ఇంటర్నెట్ కంపెనీకి చేరిపోవచ్చు. దీనికి మందు ఉంది. రెండోదానికి లేదు. టోర్ రిలే నుంచి పేల్ మూన్‌తో వచ్చే మనిషి ప్రపంచంలో ఎందరున్నారో చెప్పనక్కర్లేదు. ఐపీ మారుతూ ఉన్నా బ్రౌజర్ పోలికలు మారవు. నిన్న వచ్చినవాడే ఈ రోజూ వచ్చాడని సైటు ఇట్టే గుర్తుపడుతుంది. ముసుగు వేసుకున్నా ఊళ్లో ఒక్కడికే ఉన్న ఎర్ర చొక్కా తొడుక్కుని తిరిగితే దాగేదేముంది.

టోర్ బ్రౌజర్ లోపల జరిగేదంతా ఈ పోలికలను చెరిపే పనే. కిటికీ కొలతలను అది గుండ్రని అంకెలకు కుదిస్తుంది. 2019లో వచ్చిన 9.0 నుంచి, కిటికీని లాగి పెద్దది చేసినా పేజీ చుట్టూ ఖాళీ అంచులు వదిలి లోపలి కొలతను వందల లెక్కలోనే ఉంచుతుంది. చిన్న తెరల వాళ్లకు ఈ అంచులు కంటగింపు, వెంటనే ఎలా తీసేయాలని వెతుకుతారు. తెరలో ఒక్క అంగుళం వృథా పోవడం ఓర్చుకోలేని ఆ పొదుపు బుద్ధే పప్పీ దగ్గరికి చేర్చింది; ఇక్కడ అదే బుద్ధి గుంపులోంచి బయటికి నెడుతుంది. ప్రకటనలు ఆపే పొడిగింపులు, థీములు, ప్రాక్సీ పొడిగింపులు కలపడం కూడా ఇలాంటిదే. ముట్టుకోదగిన మీట ఒక్కటే, మూడు మెట్ల భద్రతా స్థాయి. పై మెట్టులో పేజీల లోపల నడిచే జావాస్క్రిప్ట్ కోడ్ మొత్తం ఆగిపోతుంది, దానితోపాటు సగం సైట్లు కూడా. విచిత్రంగా పాత యంత్రానికి ఇది వరం. బరువంతా జావాస్క్రిప్ట్‌దే కదా.

తెలుగు చదివేవాళ్లకు ఇందులో ఊహించని లాభం ఒకటి ఉంది. తేలికపాటి లినక్స్‌లలో బరువు తగ్గించేందుకు ముందుగా కోసేవాటిలో ఫాంట్లు ఉంటాయి. చాలా పప్పీల్లో తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల చోట డబ్బాలు కనబడతాయి. టోర్ బ్రౌజర్‌లో మాత్రం తెలుగు తెలుగులాగే కనబడుతుంది. కంప్యూటర్‌లో ఏయే ఫాంట్లు ఉన్నాయో చూసి మనిషిని గుర్తుపట్టే వీలుంది కనుక, లినక్స్‌లో అది సిస్టమ్ ఫాంట్లను పక్కనబెట్టి తన వెంట తెచ్చుకున్నవాటినే వాడుతుంది. వాటిలో నోటో సాన్స్ తెలుగు కూడా ఉంది. ఇదే కారణంతో, ముచ్చటపడి వేసుకున్న మండలి, రామభద్ర, సురవరం ఫాంట్లు ఆ కిటికీలో కనబడవు. కనబడకపోవడమే దాని పని. పేజీలు తెలుగులో కావాలని బ్రౌజర్ భాషల జాబితాలో తెలుగు చేర్చడం మాత్రం తెలిసి చేసే పొరపాటు. ఆ కోరిక తెరిచిన ప్రతి సైటుకూ చేరుతుంది, టోర్‌లో అలా అడిగేవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. తెలుగు టైపు చేయడానికి బరువైన ఇన్‌పుట్ ప్రోగ్రాములు కూడా అక్కర్లేదు. లినక్స్‌లో తెరను, కీబోర్డును నడిపే ఎక్స్ విండో సిస్టమ్ కీబోర్డు పటాల్లోనే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఉంది. ఒక్క ఆదేశంతో మారిపోతుంది.

టోర్ దాచేది దారిని, ఉత్తరాన్ని కాదు. చివరి రిలే దాటాక సమాచారం మామూలు ఇంటర్నెట్‌లోనే ప్రయాణిస్తుంది. 2007లో డాన్ ఎగెర్‌స్టాడ్ అనే స్వీడన్ భద్రతా నిపుణుడు అలాంటి చివరి రిలేలు కొన్ని నడిపి, వాటి గుండా పోతున్న గుప్తలిపి లేని ఈమెయిళ్లను గమనించి, వంద ఖాతాల పాస్‌వర్డులు బయటపెట్టాడు. వాటిలో పలు దేశాల దౌత్య కార్యాలయాలవి ఉన్నాయి, మన దేశానివీ ఉన్నాయి. ఇప్పుడు టోర్ బ్రౌజర్ హెచ్‌టీటీపీఎస్ అనే గుప్తలిపి రక్షణ లేని సైటుకు వెళ్లేముందు ఆపి అడుగుతుంది. అవతలి కొసన, ఇంటర్నెట్ కంపెనీకి ఏ సైటు చూస్తున్నారో తెలియకపోయినా టోర్ వాడుతున్నారన్న సంగతి తెలుస్తుంది. దాన్నీ దాచాలంటే స్నోఫ్లేక్, ఒబీఎఫ్ఎస్4 వంటి బ్రిడ్జిలు, అంటే టోర్‌లోకి చాటుగా చేర్చే దారులు, కనెక్షన్ సెట్టింగుల్లోనే ఉన్నాయి. ఇక టోర్ గుండా వెళ్లి సొంత పేరుతో ఫేస్‌బుక్‌లోనో బ్యాంకులోనో లాగిన్ అయితే అవతలివాళ్లకు ఎవరో తెలిసిపోతుందని విడిగా చెప్పాల్సిన పని లేదు.

చివరికి పప్పీ ఆపేటప్పుడు ఒక ప్రశ్న వేస్తుంది: ఈ పూట చేసిన మార్పులు దాచమంటారా? అజ్ఞాతం మీద మక్కువ ఉన్నవాళ్లు వద్దని గర్వంగా చెప్పి, ప్రతిసారీ టోర్ బ్రౌజర్‌ను కొత్తగా దించుకుని వాడతారు. జాడ మిగలదు నిజమే. కానీ టోర్ మొదటి రిలేగా ఎంచుకున్న దాన్ని గార్డ్ అంటారు, దాన్ని నెలల తరబడి అంటిపెట్టుకుని ఉంటుంది. పనిగట్టుకుని నిఘాకు నడిపే రిలేలు కూడా నెట్‌వర్క్‌లో ఉండే వీలుంది కాబట్టి, ఎన్నిసార్లు కొత్త గార్డ్‌ను ఎంచుకుంటే అలాంటివాటి చేతిలో పడే అవకాశం అన్నిసార్లు పెరుగుతుంది. ఎంచుకున్న గార్డ్ పేరు టోర్ బ్రౌజర్ ఫోల్డర్‌లోని చిన్న ఫైలులో ఉంటుంది. ప్రతి రాత్రీ అంతా తుడిచేసేవాళ్లు ప్రతి ఉదయమూ ఆ పాచిక కొత్తగా విసురుతున్నట్టే. టెయిల్స్‌కూ ఈ బెడద ఉంది. పప్పీలో మాత్రం దీనికి తేలికైన దారి ఉంది: సేవ్‌ఫైల్ వద్దనుకున్నా, స్పాట్ పేరు మీద ఉన్న టోర్ బ్రౌజర్ ఫోల్డర్ ఒక్కదాన్ని లినక్స్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ మీద ఉంచుకుని, ప్రతిసారీ అక్కడి నుంచే నడపడం. అలా చేస్తే గార్డ్ నిలుస్తుంది, అప్‌డేట్‌లు నిలుస్తాయి, సిస్టమ్ మాత్రం ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. ఆ పెన్‌డ్రైవ్ ఎవరి చేతికైనా చిక్కితే అందులో టోర్ బ్రౌజర్ ఉన్నట్టు మాత్రం తెలిసిపోతుంది.